పాత కస్టమరుకే ఎక్కువ రేటా? బిల్లింగ్ ప్యాకేజీ కంపెనీలకు బహిరంగ లేఖ

విండోస్‌కు ముందు నాటి డాస్ కాలంలో బిల్లింగ్, అకౌంట్స్ ప్యాకేజీలు అమ్మి, వాటి మీద ఇప్పటికీ ఏటా ఏఎంసీ (ఏడాది నిర్వహణ రుసుము) వసూలు చేస్తున్న సాఫ్ట్‌వేర్ కంపెనీల యజమానులకు,

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్లలో బట్టల హోల్‌సేల్ కొట్లకు, రైసు మిల్లులకు, మందుల ఏజెన్సీలకు లెక్కలు రాసేవాళ్లం, కంప్యూటర్లు చూసేవాళ్లం కొందరం కలిసి రాస్తున్న లేఖ ఇది.

అయ్యా,

మీ ప్యాకేజీలు పాతబడ్డాయి కాబట్టి పనికిరావని మేము అనడం లేదు. క్లిప్పర్, ఫాక్స్‌ప్రో 2.6 లాంటి ఆనాటి ప్రోగ్రామింగ్ సాధనాల్లో రాసిన ఆ నల్ల తెర మీద, మౌసు ముట్టకుండా, పార్టీ పేరులో మొదటి మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కుకుంటూ పోయే గుమాస్తా వేగాన్ని మేము చూసిన వెబ్ ప్యాకేజీ ఏదీ అందుకోలేదు. డాట్ మ్యాట్రిక్స్ మీద మూడు కాపీలు ఒకేసారి కార్బన్‌తో దిగుతాయి. నెట్ ఉన్నా లేకున్నా బిల్లు ఆగదు. మిల్లుకు రాసిన ప్యాకేజీలో బస్తాల లెక్క వేరు, క్వింటాళ్ల లెక్క వేరు, తరుగు వేరు, గోనె సంచుల నిల్వ వేరు. వంద క్వింటాళ్ల ధాన్యానికి ఉప్పుడు బియ్యమైతే 68, పచ్చి బియ్యమైతే 67 క్వింటాళ్లు సర్కారుకు అప్పజెప్పాలన్న లెక్క లోపలే కట్టి ఉంది. ప్రతి నెలా బ్యాంకుకు పంపే స్టాకు స్టేట్‌మెంటు ఆ బ్యాంకు అడిగిన వరసలోనే వస్తుంది. వ్యాపారులు అడగగా అడగగా, ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా చేర్చినవి ఇవి. బజార్లో రెడీమేడ్‌గా దొరికే ప్యాకేజీలో ఉండవు.

అందుకే వాళ్లు మీ దగ్గరే ఉన్నారు. మీరు దాన్ని కస్టమర్ల నమ్మకం అంటున్నారు. నమ్మకం కొంత ఉంది, కాదనం. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఇన్నేళ్ల ఖాతాలు మీ ఫైళ్లలో ఉన్నాయి, వాటిని పట్టుకొని బయటికి ఎలా వెళ్లాలో వాళ్లకు తెలియదు. ఈ సంగతి మీకు బాగా తెలుసునని మీ ధరల పట్టికే చెబుతోంది. కొత్తగా కొనేవాడికి డిస్కౌంటు, మొదటి ఏడాది సర్వీసు ఉచితం. పాతవాడికి మాత్రం ఏటేటా పెరిగే ఏఎంసీ. ఒకటి రెండేళ్లు కట్టడం మానేసి తిరిగి వస్తే ఆ ఏళ్ల బకాయి, దాని మీద రీయాక్టివేషన్ రుసుము.

ఒక లెక్క వేసి చూడండి. ఏఎంసీ ఏడాదికి 6,000 రూపాయలు, ఏటా 15 శాతం పెంపు అనుకుందాం. ఆరో ఏడు కట్టాల్సింది 12,068 రూపాయలు. పదేళ్లలో కట్టినది మొత్తం 1,21,822. దాని మీద 18 శాతం జీఎస్టీతో 1,43,750. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవాడు ఆ జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తన పన్నులో తగ్గించుకుంటాడు. టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న కొట్టుకు అదీ లేదు, పూర్తిగా చేతి డబ్బే. ఈ పదేళ్లలో ఆ ప్యాకేజీలో జరిగిన పని ఎంత? చట్టం మారినప్పుడు చేసిన మార్పులు, కరెంటు పోయినప్పుడు పాడైన ఫైళ్ల రిపేరు, కంప్యూటర్ మార్చినప్పుడు ఇచ్చిన కొత్త లైసెన్సు కీ. ఈ మూడింటినీ ఒకే అంకెలో కలిపి బిల్లు వేయడం వల్ల దేనికి ఎంత కడుతున్నాడో వ్యాపారికి తెలియడం లేదు. మేము అడిగేది ముందుగా ఇదే. ఏఎంసీ బిల్లులో ఈ మూడూ మూడు వరసలుగా, మూడు ధరలుగా కనబడాలి.

మొదటి వరస, చట్టం మార్పులు. ఇది మీకు నిజంగా శ్రమ ఉన్న పని, దానికి డబ్బు అడగడంలో తప్పు లేదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు 11 అంకెల వ్యాట్ నంబరు (టిన్) స్థానంలో 15 అక్షరాల జీఎస్టీ నంబరు (జీఎస్టీఐఎన్) వచ్చింది. పార్టీల వివరాలుండే పార్టీ మాస్టర్ ఫైల్లో ఫీల్డు వెడల్పు పెంచి, దాన్ని వాడే రిపోర్టులన్నీ సరిచేసిన కంపెనీలు ఉన్నాయి. ఫీల్డు ముట్టకుండా, అడ్రసు మూడో వరసలో జీఎస్టీఐఎన్ కొట్టించి చేతులు దులుపుకున్నవీ ఉన్నాయి. ఆ దులుపుడు ఖరీదు మా సరిహద్దు ఊళ్లలో ఎక్కువ. పర్లాకిమిడి కొట్టువాడికి నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం. ఊళ్లో అమ్మితే కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలు (సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ). పాతపట్నం పార్టీకి పంపితే అంతర్రాష్ట్ర పన్ను ఐజీఎస్టీ, సరుకు విలువ 50,000 దాటితే రవాణాకు ఈవే బిల్లు కూడా. నంబరు సరైన ఫీల్డులో ఉంటే మొదటి రెండంకెలు చూసి ప్రోగ్రామే తేల్చుకుంటుంది. 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్ర. అడ్రసులో ఉంటే ప్రోగ్రాముకు ఏమీ తెలియదు, ప్రతి బిల్లుకూ లోకలా, ఇంటర్‌స్టేటా అని గుమాస్తానే అడుగుతుంది. సాయంత్రం రద్దీలో గుమాస్తా అలవాటుగా ఎంటర్ కొడతాడు, పన్ను తప్పు పద్దులో పడుతుంది. తప్పు పద్దులో కట్టినదాన్ని సరైన పద్దుకు సర్దుబాటు చేయరు. సరైనది మళ్లీ కట్టి, మొదట కట్టినదానికి రిఫండు పెట్టుకోవాలి. వడ్డీ పడదు గానీ పెట్టుబడి ఇరుక్కుంటుంది.

2025 సెప్టెంబరు 22న రేట్లు మారినప్పుడు కూడా ఇంతే. 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయాయి, మందుల్లో చాలావాటికి 12 నుంచి 5 అయింది. రేటు మాస్టర్ ఫైల్లో ఉంటే ఇది గుమాస్తా కూర్చుని చేసుకునే పని. ప్రోగ్రాములోనే 12 అని రాసి పెట్టిన చోట మీ మనిషి రావాలి, దానికి బిల్లు వేస్తారు. మీ రాతలో ఉన్న లోపానికి ధర మా వ్యాపారి ఎందుకు కట్టాలి? ఇంకో చిక్కు తర్వాత బయటపడుతుంది. 22కు ముందు 12 శాతంతో అమ్మిన మందు కాలం తీరి వెనక్కి వస్తుంది. క్రెడిట్ నోటు మొదటి బిల్లులో వేసిన రేటుకే ఇవ్వాలి. మాస్టర్ నుంచి ఆ పూట రేటు లాక్కునే ప్రోగ్రాము 5 శాతం వేసేస్తుంది. పన్ను రేటు బిల్లులోని ప్రతి ఐటమ్ వరసలోనూ రాసి ఉండాలి, సరుకు రిటర్న్ వేసేటప్పుడు అక్కడి నుంచే తీసుకోవాలి. మందుల ఏజెన్సీలకు అమ్మినవాళ్లు దీన్ని ఇప్పటికైనా సరిచూడండి. కాలం తీరిన సరుకు ఇంకా వస్తూనే ఉంటుంది.

బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే ఈ-ఇన్వాయిస్ విషయంలో మీ ప్యాకేజీకి ఉన్న పరిమితి మాకు తెలుసు. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లు మరో వ్యాపారికి వేసే ప్రతి బిల్లుకూ అది తప్పనిసరి. పోర్టల్ ఇచ్చే 64 అక్షరాల బిల్లు గుర్తింపు (ఐఆర్‌ఎన్) మామూలు ఫీల్డులో పడుతుంది. సంతకం చేసిన క్యూఆర్ వరస మాత్రం ఫాక్స్‌ప్రో ఒక ఫీల్డుకు ఇచ్చే 254 అక్షరాల్లో పట్టదు. పొడవైన రాతలకు ఉండే మెమో ఫీల్డులోనో విడి ఫైల్లోనో పెట్టాలి. అంత దట్టమైన క్యూఆర్‌ను 9 పిన్నుల ప్రింటర్ మీద వేస్తే గళ్లు అలుక్కుపోయి ఫోన్ చదవదు. వ్యాపారులకు వేసే బిల్లులను లేజర్ మీద, చిల్లర బిల్లులను పాత ప్రింటర్ మీద వేసుకుంటే సరిపోతుంది. దీనికోసం మొత్తం ప్యాకేజీ మార్చమని ఒత్తిడి చేయడం మాత్రం న్యాయం కాదు. మీ ప్యాకేజీ సరైన వరసలో ఒక సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టిక) ఇస్తే చాలు. అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1 తయారు చేయడానికి జీఎస్‌టీ పోర్టల్ ఆఫ్‌లైన్ టూల్ ఉచితంగా ఇస్తోంది. ఈవే బిల్లులు మూకుమ్మడిగా ఎక్కించడానికి ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ ఎక్సెల్ పట్టికలు ఇస్తోంది. జీఎస్టీ మాడ్యూల్ పేరుతో విడిగా అమ్ముతున్నదాంట్లో ఆ సీఎస్‌వీకి మించి ఏముందో ధర పక్కన రాయండి.

పనిలో పనిగా, భయపెట్టి అమ్మడం ఆపండి. ఎవరు దేన్ని మార్చారో చెరపడానికి వీల్లేకుండా నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది కంపెనీల చట్టం కింద రిజిస్టరైన కంపెనీలకు. సొంత పేరు మీద నడిచే కొట్టుకు, భాగస్వామ్య సంస్థకు అది వర్తించదు. ఆ నిబంధన చూపించి కిరాణా హోల్‌సేలర్ చేత అప్‌గ్రేడ్ కొనిపించడాన్ని సర్వీసు అనరు. ప్రైవేట్ లిమిటెడ్ అయిన మిల్లుకు మాత్రం ఇది నిజంగా అవసరం. డాస్ ప్యాకేజీలో ఆ పని సరిగా జరగదు, ఎందుకంటే ఖాతాలు దాచే డీబీఎఫ్ ఫైలును బయటి నుంచి ఎవరైనా తెరిచి మార్చవచ్చు. అలాంటి మిల్లుకు ఈ మాట ముందుగా మీరే చెప్పాలి.

రెండో వరస, ఫైళ్ల రిపేరు. దీనిమీద కాస్త వివరంగా రాయక తప్పదు. ఇక్కడే మీరు ఎక్కువ వసూలు చేస్తున్నారు, పనేమో చాలా కొద్దిది.

బిల్లు సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఏమవుతుంది? డీబీఎఫ్ ఫైలు మొదట్లో ఉండే హెడర్‌లో మొత్తం రికార్డులెన్నో రాసి ఉంటుంది. కొత్త రికార్డు ఫైలు చివర చేరిపోయి, ఆ సంఖ్య మాత్రం పెరగకముందే మిషన్ ఆగిపోతే, చివరి బిల్లులు ఫైల్లో ఉన్నా ప్రోగ్రాముకు కనబడవు. లేదా రికార్డు చేరి, వెతకడానికి వాడే ఇండెక్సులో చేరదు, అప్పుడు నంబరుతో వెతికితే దొరకని బిల్లు లెడ్జర్‌లో మాత్రం ఉంటుంది. రెండో జబ్బుకు ఇండెక్సును మళ్లీ కట్టే రీఇండెక్స్ చాలు. మొదటిదానికి చాలదు. డాస్ ఫాక్స్‌ప్రోలో 14 ఫీల్డుల టేబుల్ తీసుకోండి. హెడర్‌కు 32 బైట్లు, ఫీల్డుకు 32 చొప్పున 448, చివరి గుర్తు ఒకటి, మొత్తం 481. ఒక్కో రికార్డు 96 బైట్లనుకుంటే, ఫైలు సైజులోంచి 481 తీసేసి 96తో భాగిస్తే అసలు రికార్డుల సంఖ్య వస్తుంది. 24,00,482 బైట్ల ఫైల్లో 25,000 రికార్డులు, చివర ముగింపు గుర్తు ఒకటి. హెడర్‌లో 24,997 అని ఉంటే మూడు రికార్డులు దాక్కున్నాయన్నమాట. ఫైలు బైట్లను నేరుగా మార్చే హెక్స్ ఎడిటర్‌లో, సున్నా నుంచి లెక్కపెట్టి, 4 నుంచి 7 దాకా ఉన్న బైట్లలో ఆ సంఖ్య సరిచేసి, తర్వాత రీఇండెక్స్ చేస్తే బిల్లులు తిరిగొస్తాయి. ముందు ఫైలు కాపీ చేసుకోవాలి. హెడర్ సరిచేయకుండా కొత్త బిల్లులు వేస్తే అవి దాగిన రికార్డుల మీదే పడతాయి, ఇక అవి పోయినట్టే. మీ మెనూలోని ప్యాక్ ఆప్షన్ ఇంకా ప్రమాదం. కొట్టేసిన గుర్తున్న రికార్డుల్ని అది శాశ్వతంగా తీసేస్తుంది, అందులో పొరపాటున కొట్టేసినవీ ఉంటాయి. రీఇండెక్స్, ప్యాక్ ఒకే మెనూలో పక్కపక్కన, ఒక్క అక్షరం తేడాతో పెట్టినవాళ్లు ఎవరో గానీ, ఒక్కసారి గుమాస్తా కుర్చీలో కూర్చుని చూడాలి.

దీన్ని మీరు విద్యుత్ లోపం అని రాసి ఏఎంసీలోంచి తప్పించి విడిగా బిల్లు వేస్తున్నారు. కరెంటు పోవడం మా దగ్గర వింత కాదు. ఇది తెలిసిన జబ్బు, తెలిసిన మందు. కంప్యూటర్‌కూ నెట్‌వర్కు స్విచ్చికీ ఒకే యూపీఎస్ పెట్టించడం మా పని, అది మేము చేస్తాం. ప్రోగ్రాము మొదలవ్వగానే ఫైలు సైజునూ హెడర్ సంఖ్యనూ పోల్చి తేడా ఉంటే ఆగే పది పన్నెండు లైన్లు రాయడం మీ పని. ఒక్కసారి రాస్తే కస్టమర్లందరికీ పనికొస్తుంది.

నెట్‌వర్కు కొట్లలో ఇంకో రకం. మూడు కంప్యూటర్లు ఒకే ఫైలు తెరిచినప్పుడు విండోస్ వేగం కోసం ప్రతిచోటా తాత్కాలికంగా ఒక కాపీ పెట్టుకుంటుంది. ఒకచోట రాసినది ఇంకోచోట వెంటనే కనబడకపోవడం, ఇండెక్సు చెడడం దీని నుంచే. పాత ఎక్స్‌పీ మిషన్ కలవడం లేదంటే మీ సపోర్టువాళ్లు ఫోన్‌లో ఎస్‌ఎంబీ-1 (ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఆన్ చేయమంటున్నారు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసే వన్నాక్రై వైరస్ పాకింది ఆ దారినే. అందుకే ఆ తర్వాత వచ్చిన విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ దాన్ని మూసి పెట్టి ఇస్తోంది. అది తెరవమని చెప్పే ముందు ఆ ఎక్స్‌పీ మిషన్ మార్చుకోమని చెప్పండి.

మూడో వరస, కీ. ఇందులో శ్రమ లేదు, తాళం మాత్రమే ఉంది. పాత డాంగిల్, అంటే కీగా వాడే చిన్న ప్లగ్గు, 25 పిన్నుల ప్యారలల్ పోర్టుకు తగిలించేది. కొత్త మదర్‌బోర్డులో ఆ పోర్టు దొరకడం అరుదు. యూఎస్‌బీ కేబుల్‌తో ప్రింటర్ నడుస్తుంది గానీ డాంగిల్ కనబడదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు వేస్తే అది వేరే చిరునామా తీసుకుంటుంది, మీ ప్రోగ్రామేమో పాత 378 చిరునామాలోనే వెతుకుతుంది. డిస్కు సీరియల్‌కు కట్టినవాళ్లది ఇంకో బాధ. పాత హార్డ్ డిస్కును ఎస్‌ఎస్‌డీకి సెక్టార్ వారీగా క్లోన్ చేస్తే వాల్యూమ్ సీరియల్ అదే ఉంటుంది, డిస్కు అసలు సీరియల్ మారిపోతుంది. ప్యాకేజీ దేన్ని చూస్తుందో మీరు చెప్పరు, కాబట్టి డిస్కు చావకముందే మార్చుకుందామన్నవాడు కూడా ఆగిపోతాడు. చచ్చాక ఎలాగూ మీ దగ్గరికి రావాలి. లైసెన్సు కొన్నవాడికి మిషన్ మారినప్పుడు కొత్త కీ ఉచితంగా ఇవ్వాలి. పాత కీ రద్దు చేసుకోండి, అభ్యంతరం లేదు. డబ్బు అడగవద్దు.

ఇక విండోస్ సంగతి. 16 బిట్ డాస్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవవు, వాటిని నడిపే భాగమే అందులో లేదు. విండోస్ 11లో 32 బిట్ రకమే రాలేదు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ తేదీలు చూపించి ఇక క్లౌడ్‌కు రావాల్సిందే అంటున్నారు. మధ్యలో ఉన్న దారులు మీకు తెలియనివి కావు. డాస్‌బాక్స్-ఎక్స్, వీడాస్ లాంటివి 64 బిట్ విండోస్ మీద పాత ప్యాకేజీని నడుపుతాయి. ఎక్కువమంది ఒకేసారి వాడే కొట్టులో రికార్డు లాకింగు (ఒకరు మారుస్తున్నది అదే సమయంలో ఇంకొకరు మార్చకుండా ఆపడం) సరిగా పనిచేస్తోందో రెండు కంప్యూటర్ల మీద ఒకే బిల్లు తెరిచి పరీక్షించాలి, అది తప్పదు. క్లిప్పర్ సోర్సు (ప్రోగ్రాము మూల రాత) మీ దగ్గర ఉంటే హార్బర్ అనే ఉచిత కంపైలర్ దాన్ని నేటి విండోస్ ప్రోగ్రాముగా మారుస్తుంది, పాత డీబీఎఫ్ ఫైళ్లనూ వాటి ఎన్‌టీఎక్స్ ఇండెక్సులనే వాడుతుంది. డాంగిల్ కోసం, ప్రింటర్ కోసం బయట కొని అతికించిన పాత లైబ్రరీలు మాత్రం కంపైల్ కావు, ఆ భాగాలు తిరిగి రాయాలి. ఫాక్స్‌ప్రో వాళ్లకు విజువల్ ఫాక్స్‌ప్రో 9 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2015 జనవరిలోనే ఆగినా, 32 బిట్ ప్రోగ్రాము కాబట్టి విండోస్ 11 మీద నడుస్తుంది. ఇందులో శ్రమ ఉంది, ఖర్చుంది, దానికి ఒకసారి ధర చెప్పండి. మేము కూడా పక్కన కూర్చుని పరీక్షిస్తాం. సోర్సు పోగొట్టుకున్న కంపెనీలు ఉన్నాయని మాకు అనుమానం. అలాంటివాళ్లు సోర్సు లేని ప్యాకేజీ మీద ఏఎంసీ దేనికి తీసుకుంటున్నారో చెప్పాలి.

క్లౌడ్ వద్దనడం లేదు. రెండు మూడు బ్రాంచీలున్నవాడికి అది మేలు. కానీ 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుఫాను గజపతి, రాయగడ జిల్లాల్లో ఏం చేసిందో చూసినవాళ్లకు, నెట్ లేకపోతే బిల్లు పుట్టని ఏర్పాటు ఎంత నమ్మదగినదో వేరే చెప్పనక్కర్లేదు. నెలకు, మనిషికి ఇంత అని కట్టే పద్ధతిలో మేము ముందు చూసేది ఒకటే. కట్టడం ఆపిన మర్నాడు పాత ఖాతాలు చదవడానికి దొరుకుతాయా? జీఎస్టీ లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. కంపెనీ అయితే ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు. అన్నేళ్లూ చదివే హక్కు ధరలో కలిపి ఉండాలి. లైసెన్సును నెట్ మీద సరిచూసుకునే ప్యాకేజీ అయితే కనీసం 30 రోజులు నెట్ లేకున్నా నడవాలి.

పెద్ద కంపెనీల చరిత్రలో ఈ బేరం రెండు రకాలుగానూ నడిచింది. ఐబీఎం 1988 జూన్‌లో ఏఎస్/400 అనే వ్యాపార కంప్యూటర్‌ను విడుదల చేసింది. 1995లో ప్రాసెసర్‌ను పూర్తిగా మార్చి 64 బిట్‌కు వెళ్లినప్పుడు కస్టమర్ ప్రోగ్రాముల్ని చాలావరకు తిరిగి రాయించకుండానే కొత్త మిషన్ మీదకు తెచ్చింది. ఐబీఎం-ఐ పేరుతో ఆ వ్యవస్థ ఇప్పటికీ నడుస్తోంది. అది చవక కాదు, దాని కస్టమర్లు ధర గురించి గొణుగుతూనే ఉంటారు. కానీ కట్టే డబ్బుకు ఏం వస్తోందో వాళ్లకు తెలుసు: పాత ప్రోగ్రాము కొత్త ఇనుము మీద నడుస్తుంది. హెచ్‌పీ మరో దారి పట్టింది. 1972 నుంచి అమ్మిన హెచ్‌పీ 3000 కంప్యూటర్‌ను ఆపేస్తున్నట్టు 2001 నవంబరు 14న ప్రకటించి, 2003 అక్టోబరుతో అమ్మకం ముగించింది. కస్టమర్లు వెంటనే కదలలేదు. సపోర్టు గడువు 2006 నుంచి 2008కి, అక్కడి నుంచి 2010కి జరిగింది. తర్వాత బయటి సంస్థలే ఆ మిషన్లను చూసుకున్నాయి, ఆపరేటింగ్ సిస్టమ్ సోర్సు చదివే లైసెన్సును హెచ్‌పీయే కొన్ని సంస్థలకు ఇచ్చింది. మా ఊళ్లలో మీ ప్యాకేజీల్లో చాలావాటి వెనక ఒకరిద్దరు ప్రోగ్రామర్లే ఉన్నారు. ఆ మనిషికి జబ్బు చేసినా, కంపెనీ మూతపడినా సోర్సు ఎవరికి దక్కుతుందో ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఆడిటర్ దగ్గరో లాయరు దగ్గరో సీలు వేసి ఉంచినా చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి ఉంచాం. సీజీఎస్టీ నియమావళిలో 57వ నియమం ప్రకారం లెక్కలు కంప్యూటర్‌లో పెట్టుకున్న వ్యాపారి, అధికారి అడిగితే ఆ ఫైళ్ల వివరాలు, వాటి పాస్‌వర్డులు, లోపల వాడిన కోడ్‌ల అర్థం, నమూనా ప్రింటుతో సహా ఇవ్వాలి. అంటే ఇవన్నీ వ్యాపారి చేతిలో ఉండాలన్నది చట్టం లెక్క. మీరు అవే వివరాలు వ్యాపారికి ఇవ్వరు. అడిగితే అది కంపెనీ రహస్యం అంటారు. ప్రోగ్రాము మీది, అందులో రహస్యం మీ ఇష్టం. పార్టీల బాకీలు మీవి కావు.

కొందరు ఇంకొంచెం ముందుకెళ్లి, డీబీఎఫ్ మొదటి బైటును 03 నుంచి ఇంకేదో అంకెకు మార్చి, ఫైలు ఎక్సెల్‌లో తెరుచుకోకుండా చేస్తున్నారు. మీ ప్రోగ్రాము తెరిచేటప్పుడు సరిచేసుకుని, మూసేటప్పుడు మళ్లీ చెడగొడుతుంది. చదివేవాడికి ఇది తాళమే కాదు. ఫైలు కాపీ తీసి, మొదటి బైటును మెమో లేకపోతే 03, క్లిప్పర్ మెమో ఉంటే 83, ఫాక్స్‌ప్రో మెమో ఉంటే ఎఫ్5 చేస్తే తెరుచుకుంటుంది. నష్టం మాత్రం ఉంది. మూసేలోగా కరెంటు పోతే ఫైలు సగం మారిన స్థితిలో మిగిలి, మీ ప్రోగ్రాముకే తెరుచుకోదు. దానికి మళ్లీ రిపేరు బిల్లు. ఈ పద్ధతిని వచ్చే వెర్షన్‌లో తీసేయండి.

మేము కోరుతున్న పట్టిక పెద్దదేమీ కాదు. పార్టీ మాస్టర్, ఐటమ్ మాస్టర్, బిల్లు హెడర్, బిల్లు వరసలు, ఓచర్లు అనే ఐదు ఫైళ్లలో ప్రతి ఫీల్డు పేరు, అది దేనికి, ఏ ఫీల్డుతో ఏది కలుస్తుంది. 'టీవై' అనే ఫీల్డులో 1 ఉంటే అమ్మకం, 4 ఉంటే రిటర్న్ లాంటి కోడ్‌ల అర్థం. మందుల ప్యాకేజీ అయితే బ్యాచి, కాలం తీరే తేదీ ఉన్న ఫైలు. మిల్లుదైతే ధాన్యం లాటు, సంచుల ఫైలు. రెండు మూడు పేజీలకు మించదు.

అది చేతికొస్తే అందరూ మిమ్మల్ని వదిలిపోతారన్న భయం అక్కర్లేదు. మారడం ఎంత కష్టమో మాకు మీకంటే బాగా తెలుసు. ఏప్రిల్ 1న ఓపెనింగ్ బ్యాలెన్సులతో మొదలుపెట్టాలి, ఏడాది మధ్యలో మారితే రిటర్నులు రెండు చోట్ల నుంచి కలపాలి. పాత ట్రయల్ బ్యాలెన్సూ కొత్తదీ రూపాయి తేడా లేకుండా కుదరాలి. బాకీలు పార్టీకి ఒక్క మొత్తంగా కాకుండా బిల్లు వారీగా ఎక్కించాలి, లేకపోతే ఎవరు ఏ బిల్లు కట్టారో జూన్ నాటికే తెలియకుండా పోతుంది. స్టాకు బ్యాచి వారీగా లెక్కపెట్టి చూసుకోవాలి. రెండు నెలలు రెండు ప్యాకేజీలూ పక్కపక్కన నడపాలి, గుమాస్తా రెండు చోట్లా కొట్టాలి. ధర న్యాయంగా ఉంటే ఇంత తంటా ఏ వ్యాపారీ కోరి తెచ్చుకోడు. వెళ్లగలిగి ఉండీ మీ దగ్గర ఉన్నవాళ్లెందరో అప్పుడు మీకే తెలుస్తుంది, ఏఎంసీ ఎంత పెట్టాలో కూడా.

మార్చిలో రెన్యువల్ బిల్లులు పంపుతారు. ఈసారి ఆ బిల్లులో మూడు వరసలూ విడిగా చూపి, ఫైళ్ల పట్టిక వెనక జతచేయండి. పట్టిక రాని బిల్లును పక్కన పెట్టమని మేము లెక్కలు చూసే కొట్లకూ మిల్లులకూ ఇప్పటికే చెప్పాం. మార్చి 31 రాత్రి ముగింపు బ్యాకప్ ఎలాగూ తీస్తాం. దాంతో పాటు ఈసారి అన్ని డీబీఎఫ్‌లనూ సీఎస్‌వీలుగా మార్చి రెండు పెన్ డ్రైవుల్లో వేసి, ఒకటి వ్యాపారి బీరువాలో, ఒకటి ఆడిటర్ దగ్గర పెడుతున్నాం.

ఇట్లు,
దక్షిణ ఒడిశా కొట్లలో, మిల్లుల్లో లెక్కలూ కంప్యూటర్లూ చూసేవాళ్లం కొందరం